తర్లుపాడు రోడ్డు కుదుపులు

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పలకరాతి బండలతో వస్తూ తర్లుపాడు రోడ్డు మీద ఇరుసు విరిగి నీ ట్రాక్టర్ ట్రాలీ బోల్తా పడినప్పుడు, ఊరంతా ఒకటే మాట: "వాడే ఎక్కువ లోడు ఎత్తినాడు."

ఇప్పుడు నా ఉద్యోగం ట్రాలీలు తయారుచేసే కంపెనీలోనే. ఇరుసు ఎన్నాళ్లు ఆగుతుందో సాఫ్ట్‌వేర్ చెప్పాలంటే, దారిలో దానిమీద పడే ప్రతి కుదుపునూ వరసగా అందులోకి ఎక్కించాలి. అందుకే సెన్సర్లు కట్టించి, ఆ రోడ్డు మీదే నీ ట్రాలీ లాంటిదాన్ని తిప్పించాను. మనవాళ్లు బండలను నిలబెట్టి ఎడమకు ఆనిస్తారు కదా, అట్లనే పేర్పించాను. కంపెనీ చెప్పిన బరువుకు ఒక్క బండ కూడా ఎక్కువ వేయనివ్వలేదు.

మా సార్ ఆ కుదుపుల గ్రాఫ్ చూసి, "ఈ పొడుగు గీతలు సెన్సర్ తప్పులమ్మా, తీసెయ్. బరువు రెండు చక్రాలకూ సమానంగా పంచు," అన్నారు.

"తప్పులు కాదు సార్, మా రోడ్డు గుంతలు. ఒక్కటి గూడా తియ్యను. బరువు ఎడమకే ఉంటది."

ఉన్నది ఉన్నట్టే ఎక్కించాను. స్క్రీన్ మీద ఇరుసు ఎడమ కొన ఎర్రబడింది, అంటే విరిగేది అక్కడేనని. నీది విరిగింది కూడా అక్కడే.

"రిపోర్టులో ఏం రాస్తావు?" అన్నారు సార్.

"ఇరుసే చాలదని రాస్తా. నడిపినోడి తప్పని మాత్రం రాయను."

అట్లనే రాశాను. కింద మన ఇంటిపేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను.