నిలబెట్టరాదు

బస్సు కంపెనీ ఫిర్యాదుల గుమాస్తా గారికి,

మీరు పెట్టెకు సీటిచ్చి మనిషిని నిలబెట్టారు. నమస్కారాలు తరువాత.

మా మేనత్తకు తుంటి ఎముక విరిగి అతికింది. మంగళవారం మంగళవారం ఆసుపత్రిలో మళ్లీ నడక నేర్పిస్తున్నారు. నిన్న మీ బస్సులో మూడు గంటలు నిలబడింది. ఆవిడ సీటులో గాజు దీపాల పెట్టె దర్జాగా పడుకుంది. కింద పెట్టమంటే మీ కండక్టరు, "దానిమీద 'నిలబెట్టరాదు' అని రాసుంది సార్. ఈవిడ మీద ఏం రాసుంది?" అన్నాడు. బాత్రూముకు ఆపమంటే, టీవీలో సీరియల్ నడుస్తోందట, ఆపడట!

జవాబు చెప్పండి.

ఒళ్లు మండుతూ,
మేనల్లుడు

తా.క. సీరియల్లో కోడలు చివరికి ఏమైంది? మేనత్త అడుగుతోంది.

*

ప్రయాణికురాలి మేనల్లుడు గారికి,

మీ ఆవేశం అందింది. ఒప్పందాలన్నీ తీసి చూశాను. సరుకులది పదకొండు పేజీలు: కుదుపు తగలరాదు, రెండు గంటలకోసారి బండి ఆపి సరుకును పరిశీలించాలి, చేతికి అప్పగించి సంతకం తీసుకోవాలి. టీవీ చానెల్‌ది తొమ్మిది పేజీలు: కార్యక్రమం నడుస్తున్నంతసేపూ బస్సు ఆపరాదు, ఆపితే టీవీ ఆగిపోతుంది. సరుకున్న రోజు సరుకు మాటే చెల్లుతుంది, కానీ దీపాలు రెండు గంటల లోపే దిగిపోయాయి. ప్రయాణికులది టికెట్టు వెనక ఒక్క వాక్యం: "కంపెనీకి బాధ్యత లేదు."

కనుక మా తప్పేమీ లేదు.

విధేయుడు,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క. కోడలు ఇల్లు వదిలి బస్సెక్కింది. సీటు దొరికింది.

*

గుమాస్తా గారూ,

దీపాలు దిగాక ఆ సీటులో కుర్చీలు ఎక్కాయి. కుర్చీలు కూర్చున్నాయండీ, మా మేనత్త నిలబడింది!

మీ పదకొండు పేజీలూ చదివాను. సరుకు ఊపిరి పీల్చకూడదని ఎక్కడా లేదు. వచ్చే మంగళవారం మేనత్తను పార్సిల్‌గా పంపుతున్నాను. నలభై ఎనిమిది కిలోలు. పగిలే వస్తువు, ఇదివరకే ఒకసారి పగిలింది. శాలువాకు 'నిలబెట్టరాదు' అట్ట గుచ్చబోతే, "ఒరేయ్, నీకేమైనా పిచ్చా?" అంది. "సీటు కావాలా, పరువు కావాలా అత్తయ్యా?" అన్నాను. "కిటికీ పక్కనైతే గుచ్చు" అంది.

పట్టు వదలని,
మేనల్లుడు

తా.క. మీ ఫారంలో 'లోపల ఏముంది' అన్న చోట 'డెబ్బై ఏళ్ల కోపం' అని రాశాను.

*

మేనల్లుడు గారికి,

నిన్న మంగళవారం ఇద్దరు హమాలీలు మీ మేనత్తగారిని ఎత్తి కిటికీ పక్కన కూర్చోబెట్టారు. రెండు గంటలకు డ్రైవరు బండి ఆపి "సరుకు బాగుందా?" అని అడిగాడు. సరుకు బాత్రూముకు వెళ్లొచ్చి, బాగుందని చెప్పింది. ఆసుపత్రి గుమ్మంలో డాక్టరు సంతకం పెట్టి తీసుకున్నాడు.

ఇవాళ టికెట్ల కిటికీ దగ్గర ఈగలు తప్ప ఎవరూ లేరు. బస్సెక్కాల్సిన నలభై ముగ్గురూ పార్సిళ్ల వైపే ఉన్నారు.

సీరియల్ మధ్యలో బండి ఆపిన డ్రైవరును తీసేయమని చానెల్ పట్టుబట్టింది. డ్రైవరు ఒప్పందం కోసం వెతికాను. లేదు. కండక్టరుదీ లేదు. పన్నెండేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్న నాదీ లేదు. నా కుర్చీకి ఉంది, రెండేళ్ల హామీ.

ముగ్గురం అట్టలు గుచ్చుకుని బస్సు ముందు కూర్చున్నాం. రాత్రి ఆసుపత్రిలో ఉండి తిరుగు బస్సుకు వచ్చిన మీ మేనత్తగారు నా కుర్చీలో కూర్చుని చెబుతుంటే యజమానికి ఇలా రాశాను. చివరిది మాత్రం మీకు.

1. డ్రైవరును తీసేయరాదు.
2. మా ముగ్గురికీ ఒప్పందాలు రాయాలి.
3. పదకొండు పేజీలూ మనుషులకు వర్తించాలి.
4. సీరియల్ ఏ ఘట్టంలో ఉన్నా రెండు గంటలకోసారి బస్సు ఆగాలి.
5. పార్సిల్ తిరిగి రాలేదని మీరు ఫిర్యాదు చేయరాదు. ఆవిడ ఇప్పుడు మా సంఘం అధ్యక్షురాలు.