మూడు పేజీల సంతకం

తిరుత్తణి,
2-9-1979

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు వల్లియమ్మను అక్క మీనాంబ దీవించి రాయునది. నువ్వు, మరిదిగారు, పిల్లలు సూళ్ళూరుపేటలో సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమం. ఈ ఏడాదిలో నీకు రాసిన ప్రతి కార్డులోనూ ఈ మాటే రాశాను గానీ, ఈసారి మాత్రమే అది నిజం.

నీ కార్డు అందింది. కాలు ఎలా ఉందని అడిగావు. పుత్తూరు కట్టు మహిమ, ఎముక ఎప్పుడో అతుక్కుంది. కర్ర పట్టుకుని తోటలో బావి దాకా పోయి వస్తున్నాను. ఆడికృత్తిక తిరునాళ్ళకు స్వామి కొండెక్కావా అని అడిగావు. ఎక్కలేదు. మన తోట పూలు మాత్రం ఎందరి మొక్కు కావళ్ళమీదో ఎక్కాయి, అది చాలు. సుందరరాజ్ బాగా చూసుకుంటున్నాడా అని కూడా అడిగావు. దానికి జవాబు కార్డులో పట్టదని ఇన్‌లాండ్ లెటరు తెప్పించాను.

మా ఆయన తమ్ముడి కొడుకు కదా అని వాణ్ణి నమ్మాను. రెండేళ్ళ కిందట నేను బావి దగ్గర జారి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు పెళ్ళాంతో సహా వచ్చి ఇంట్లో దిగాడు. అబద్ధం చెప్పకూడదు, మొదటి ఆరు నెలలు ఇద్దరూ బాగానే చూశారు. ఆ పిల్ల మునిలక్ష్మి నాకు తల దువ్వి ముడి వేసేది. తర్వాత పూలకొట్టులో నాకు రావలసిన డబ్బు వాడే తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. అడిగితే నీకెందుకీ కష్టం అన్నాడు. పొద్దుటి కాఫీ మానింది, సాయంత్రం అన్నం ఎనిమిదికి జరిగింది. నేను ఎదురు చెప్పిన రోజు నా చేతికర్ర అటక మీదికి పోయేది. అది లేనిదే నేను గడప దాటలేనని వాడికి తెలుసు. కంచే చేను మేస్తుంటే ఎవరితో చెప్పుకునేది?

కృత్తిక అయిన వారానికి తోట సంగతి ఎత్తాడు. మా ఆయన పోయాక పాతికేళ్ళు మాలలు కట్టి అమ్మి కొన్న అర ఎకరం అది. దాన్ని వాడి పేరున దానంగా రాసివ్వాలట.

"రాసియ్యకపోతే మేము మా ఊరికి పోతాము పెద్దమ్మా. ఇంక నీకు నీళ్ళిచ్చేదెవురో చూసుకో" అన్నాడు.

కర్ర తొమ్మిది రోజులు అటక మీదే ఉంది. పదో రోజు సరే రాసిస్తానన్నాను. ఆగు, అప్పుడే తిట్టకు. ఆ తొమ్మిది రోజులూ నేను ఊరికే కూర్చోలేదు. కనకాంబరాలు కోయడానికి వచ్చే కుప్పమ్మ మొగుడు రిజిస్ట్రారు ఆఫీసులో ప్యూను. కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు ఆమెను ఒకటే మాట అడిగాను, కొత్తగా వచ్చిన రిజిస్ట్రారు ఎక్కడివాడని. పేరు శివరామయ్య, పళ్ళిపట్టు వైపు మనిషి, ఆఫీసులో కూర్చోగానే తెలుగు పేపరు విప్పుతాడని చెప్పింది. నాకు అది చాలు. మన సుందరరాజ్ ఇంట్లో తెలుగు మాట్లాడతాడే గానీ చదివిందంతా అరవం. తెలుగక్షరాలు చూస్తే జిలేబీలని నవ్వుతాడు.

పోయిన బుధవారం కర్ర చేతికిచ్చి, జట్కాలో ఆ ఆఫీసుకు తీసుకుపోయాడు. పత్రం అరవంలో రాయించాడు, మూడు పేజీలు. రాసినాయనకు కూడా తెలుగు రాదు. ప్రతి పేజీ కింద నేను సంతకం పెట్టాలి. మొదటి పేజీ కింద "మీనాంబ రాయునది" అని రాశాను. రెండో పేజీ కింద "ఈ తోట ఇవ్వడం నాకు ఇష్టం లేదు" అని రాశాను. మూడో పేజీ కింద "వీడు పక్కనుంటే నోరు తెరవలేను, బయటికి పంపి నన్ను అడగండి" అని రాశాను. వాడు ఒక్కో పేజీ అందుకుని సిరా ఆరేదాకా ఊదాడు. నీ సంతకం ఇంత పొడుగా అని అడిగాడు. మా కాలంలో ఊరు, పేరు, అబ్బ పేరు అన్నీ కలిపి రాస్తాం నాయనా అని చెప్పాను.

శివరామయ్యగారు మూడు పేజీలూ తిప్పి, మళ్ళీ మొదటికి వచ్చారు. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. వాణ్ణి బయట కూర్చోమన్నారు.

"ఇది మీరే రాసినారా అమ్మా?" అని అడిగారు.

"నేనే రాసినా సామీ. తోట నాది. ప్రాణముండగా ఎవురికీ ఇయ్యను" అన్నాను.

అప్పుడు వాణ్ణి లోపలికి పిలిచి, నా రాతను సాక్షుల ముందే పైకి చదివి, ఈ పత్రం రిజిస్టరు కాదని చెప్పారు. తాను ఊది ఊది ఆరబెట్టిన రాత అదేనని వాడికి అప్పుడు తెలిసింది.

"రెండేండ్లు అన్నం పెట్టినానే పెద్దమ్మా" అన్నాడు.

"పెట్టినావు నాయనా. నా పూలమ్మి నాకే పెట్టినావు" అన్నాను.

ఆ రోజు కుప్పమ్మ, ఆమె మొగుడు నాతో ఇంటికి వచ్చి, సుందరరాజూ పెళ్ళామూ పెట్టెలు సర్దుకునేదాకా మా అరుగు మీదే ఉన్నారు. శుక్రవారం వాళ్ళు పోయారు. ముసలిదానికి ఇంత పొగరా, మంచాన పడితే ఎవరు చూస్తారని వీధిలో అంటున్నారు. కుప్పమ్మ చూస్తుంది. నెల నెలా జీతం, పండగకు చీర. చేసిన పనికి కూలి ఇస్తాను గానీ, గుక్కెడు నీళ్ళిచ్చినందుకు తోట రాసివ్వను.

ఇక అసలు సంగతి. ఇంతదాకా రాశాను గానీ ఇది రాయడానికే చెయ్యి ఆడటం లేదు. వాడికి తెలుగు చదవడం రాదు కదా. ఏ కార్డులో నిజం రాసి వాడి చేతికే ఇచ్చినా, వాడే తీసుకుపోయి పోస్టు డబ్బాలో వేసేవాడు. ముక్కూమొహం తెలియని ఆఫీసరుకు రాయగలిగినదాన్ని, తోడబుట్టినదానివి నీకు రాయలేదు. పోయినేడు కృత్తికకు వచ్చి నా బోసి చెవులు చూసి, కమ్మలేవక్కా అని అడిగావు. నీ కన్ను నా తోట మీద పడిందని నలుగురిలో అన్నాను. అన్నం తినకుండానే నువ్వు బస్సెక్కావు. ఆ మాట వాడు నేర్పింది కాదు వల్లీ, నా నోటిదే. అమ్మ పెట్టిన ఆ కమ్మలు నా చేతులతో నేనే తీసి వాడికిచ్చాను, నన్ను వదిలేసి పోతాడేమోనని. నువ్వది కనిపెట్టావని ఒళ్ళు మండింది. భయమంతా వాడి దగ్గర పెట్టుకుని రోషమంతా నీ మీద చూపించాను. తప్పు నాది. క్షమించమని అడుగుతున్నాను.

కమ్మలు తాకట్టులో ఉన్నాయి. చీటీ వాడి దగ్గర నుంచి లాక్కున్నాను. నేనే విడిపించుకుంటాను, నువ్వు ఒక్క రూపాయి పంపినా తిప్పి పంపుతాను. ఎలవూరు సరిహద్దు దాటి ఒకసారి రా, అంతే. ఆ రోజు పెట్టని అన్నం పెడతాను. తిట్టాలనుంటే తిన్నాక తిట్టు.

కింద నా సంతకం చూసుకో. రాసేటప్పుడు పక్కన ఎవరూ నిలబడలేదు. అందుకే పేరు తప్ప ఇంకేమీ రాయలేదు.

ఇట్లు,
నీ అక్క
మీనాంబ