పదిహేను ఇచ్చే కారు

కల్లూరు, కర్నూలు

మా బంగారు హర్షిణికి,

ఫోన్లో చెబితే మధ్యలోనే అడ్డుపడతావు, అందుకే రాస్తున్నాను. మీ అన్న కారు అమ్మేస్తున్నాను. దినాలనాడు ఆయన బట్టలూ చెప్పులూ దుప్పటీ అన్నీ ఇచ్చేశారు. కారును ఎవరికిస్తారు? నాలుగు నెలలుగా రేకుల షెడ్డు కింద దుమ్ము పట్టి ఉంది. పొద్దున లేస్తే ముందు దాని ముఖమే చూడాల్సి వస్తోంది.

దాని కోసం ఆయన ఎంత తపించాడో నీకు తెలుసు. మోటార్ల వైండింగు షాపువాడికి రెండువందలు దాటి పరిగెత్తే కారెందుకని అందరూ నవ్వారు. కొత్తది మన తాహతుకు అందదని రెండేళ్లు బెంగళూరులో పాత కార్లు వెతికాడు. ఎవరో డాక్టరు వాడిన కారు చివరికి కొనుక్కొచ్చాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేటప్పుడు ఆయన బానెట్ మీది దుమ్మును తన చొక్కాతో తుడవడం నేను చూశాను. వచ్చినవాళ్లంతా ఒకటే అడిగారు, "ఏమప్పా భూపేషూ, మైలేజీ ఎంతిస్తాది?" అని. పక్కషాపు బొజ్జన్న అయితే, "ఇది లీటరుకు ఆరు ఇస్తే శానా గొప్ప. పెట్రోలు బంకు పక్కనే ఇల్లు కట్టుకో నువ్వు" అన్నాడు. మీ అన్న మీసం తిప్పి, "నాకు పదైదు ఇస్తాండాది, కావాలంటే మీటరు సూడు" అనేవాడు. నిజంగానే మీటర్లో లీటరుకు పదిహేను చూపించేది.

ఆ పదిహేను ఎలా వచ్చిందో నాకు తెలుసు హర్షిణీ. మా నాయన హైవే మీద లారీ కింద పడి పోయినప్పటి నుంచి బండి కాస్త వేగంగా పోతే నా ఒళ్లంతా చల్లబడిపోతుంది. నేను పక్కనుంటే ఆయన అరవై దాటించేవాడు కాదు. ఆర్టీసీ బస్సులు కూడా హారన్ కొట్టి దాటిపోయేవి. "భయపడొద్దులే జ్యోతీ, మెల్లగానే పోతాండాం" అనేవాడు. అంత ఇష్టపడి కొనుక్కున్న కారును నా కోసం ఎద్దులబండిలా నడిపాడు. షాపులో గుండె ఆగి పడిపోయేదాకా ఒక్కసారి కూడా ఆశ తీరా తోలుకోలేదు. మొన్న బ్యాటరీ పోయిందేమోనని తాళం తిప్పితే అదే అంకె వెలిగింది, 15.2. నా పిరికితనం అక్కడ వెలుగుతున్నట్టనిపించింది. ఇంక దాన్ని చూడలేను. నంద్యాల చెక్‌పోస్టు దగ్గర టైల్స్ షాపు నడిపే శ్రీనివాసులు అనే కుర్రవాడు వచ్చే ఆదివారం చూడటానికి వస్తానన్నాడు. నువ్వు కోప్పడొద్దు.

నీ వదిన,
నాగజ్యోతి

*

రాయచోటి

వదినా,

కారు అమ్ముకో, నేనేమీ అనను. కానీ అన్న ఆశ తీరకుండా పోయాడని మాత్రం అనొద్దు. నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. మనిషే లేనప్పుడు ఒట్టు ఎవరి కోసం?

అమ్మను చూసి వస్తానని నెలనెలా మా ఇంటికి ఒక్కడే వచ్చేవాడు కదా. అమ్మ దగ్గర కాసేపు కూర్చునేవాడు. ఆ తర్వాత, "రామ్మే, అట్ల పోయొద్దాం" అని నన్ను ఎక్కించుకొని కడప రోడ్డు పట్టేవాడు. రోడ్డు ఖాళీగా కనబడితే చాలు, నూటయాభై, నూటఅరవై. "అన్నా, సచ్చిపోతాం, మెల్లగా పో!" అని నేను అరిచేదాన్ని. అన్న పగలబడి నవ్వేవాడు. చిన్నప్పుడు గాలిపటం ఎగిరినప్పుడు అలా నవ్వేవాడు. అప్పుడు మీటర్లో నిజంగానే ఆరు. తిరిగి వెళ్లేటప్పుడు ఓర్వకల్లు దాటాక కారు ఆపి, మైలేజీ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేలా మీటరు సున్నా చేసుకునేవాడట. "మీ వదిన ఏమీ అడగదు గానీ, మీటరు సూస్తాది. తెలిసిందంటే నేను ఇల్లు చేరేదాకా అన్నం తినదు" అన్నాడు.

"ఇన్ని తిప్పలెందుకన్నా, మెల్లగా పోయే కారే కొనుక్కోవాల్సింది" అన్నాను ఒకసారి. "ఈడ ఇట్ల తోలుకుంటే, ఆడ దాని పక్కన మెల్లగా పోయేది కూడా బాగుంటాది" అన్నాడు. నీ మీద విసుగుతో మెల్లగా నడపలేదు వదినా. ఆఖరిసారి మా ఊరి నుంచి వెళ్లాక మీరిద్దరూ మహానందికి తప్ప ఎక్కడికీ పోలేదన్నావు. షాపుకు ఎటూ స్కూటరే. ఆ 15.2లో అన్న ఒంటరిగా పోయింది ఓర్వకల్లు నుంచి ఇంటిదాకానే. మిగతాదంతా నువ్వు పక్కన కూర్చున్నదే.

నీ ఆడబిడ్డ,
హర్షిణి

*

కల్లూరు

హర్షిణీ,

నీ ఉత్తరం చదివి షెడ్డులోకి పోయి కారును కాలితో ఒక్క తన్ను తన్నాను. దొంగ మనిషి! పెట్రోలుకు ఇంత ఖర్చేమిటని అడిగితే, "బంకులో తక్కువ కొడతాండారేమో" అన్నాడు. నేను నమ్మి, బంకులో దిగి అక్కడున్న మనిషిని నలుగురిలో కడిగేశాను. మీ అన్న స్టీరింగు మీద తల పెట్టుకొని ఉన్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. నవ్వాపుకుంటున్నాడని ఇప్పుడు తెలిసింది.

ఆశ తీరే పోయాడు, అదే చాలు. కానీ నువ్వు చూసిన ఆ ముఖం నేను చూడలేదు. ఇన్నేళ్లు కాపురం చేసి ఆ నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఒక్క మాట అడిగి ఉంటే కళ్లు మూసుకొనైనా కూర్చునేదాన్ని. కళ్లు మూసుకుంటే ముఖం ఎలా కనబడుతుందని నువ్వు అడుగుతావు. అవును, నాకూ ఆ మాటకే ఏడుపొచ్చింది.

ఆదివారం శ్రీనివాసులు వచ్చి, "అక్కా, ఒక రౌండు తోలి సూస్తా" అన్నాడు. "నేనూ వస్తా. మెల్లగా తోలొద్దప్పా" అన్నాను. ఎప్పుడూ కూర్చునే సీట్లోనే కూర్చున్నాను. ఓర్వకల్లు రోడ్డు ఖాళీగా ఉంది. నూటనలభై దాటాడు. మా నాయన గుర్తొచ్చాడు, అయినా కళ్లు మూయలేదు. ఒకసారి పక్కకు తిరిగి చూశాను. ఆ పిల్లవాడు పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఎంతోసేపు చూడలేకపోయాను.

"మైలేజీ ఎంతిస్తాదక్కా?" అని అడిగాడు. "మా ఆయనకు ఆరే ఇచ్చేది" అన్నాను. అయినా కొంటానన్నాడు. కారు అతనికే ఇచ్చాను.

తిరిగి వస్తూ మన వీధి మలుపులో కారు ఆపించాను. ఆ బటన్ ఎక్కడుందో అడిగి, నా చేత్తోనే మీటరు సున్నా చేశాను. ఇంట్లో చూసేవాళ్లు ఎవరూ లేరని తెలిసి కూడా.

నీ వదిన,
నాగజ్యోతి