గడ్డపారతో తవ్విన చెరువు, దాని పంపకాలు

ఇది రాయకనేపోదును. చచ్చినంక ఎవరేం తీసుకుంటే నాకేం ఫికర్ అని ఊకున్న మనిషిని. కాని పోయిన ఎండకాలం మా పలకలపల్లి మున్సిపల్ ఆఫీసు గోడకు కొత్త మాస్టర్ ప్లాన్ నక్ష అంటించిండ్రు. నా ఇంటెనక వేలు పెట్టి చూస్తే నీలం రంగున్నది. నీలమంటె చెరువట. బతికుండంగనే నా పెరటికి చెరువు తెచ్చినోళ్లు, నేను పోయినంక సముద్రం తెస్తరేమో అని కలం పట్టిన.

మత్తయ్య అనే నేను, తండ్రి కీర్తిశేషులు బాలస్వామి, వయసు డెబ్బై నాలుగు, వృత్తి ఒకప్పుడు బండల గనిల మేస్త్రి, ఇప్పుడు అరుగు మీద కూసునుడు, నివాసం తాండూరు తొవ్వల పలకలపల్లి, జిల్లా వికారాబాద్, స్థిరబుద్ధి కలిగి, ఒకరి బలవంతం గాని, కల్లు గాని లేకుండ, నా రాజీఖుషీతో సొంత చేత్తో రాసుకున్న వీలునామా ఇది. నా బుద్ధి మీద ఎవరికన్న అనుమానముంటె, ముందుగాల ఆ నక్ష గీసినోళ్ల బుద్ధికి డాక్టరు సర్టిఫికెట్ తెండ్రి, తర్వాత నా కాడికి రాండ్రి. రాత తప్పులుంటె మాఫ్ చేయుండ్రి. నేను బడికి పోలే. మిర్చిబజ్జీల పొట్లాలు విప్పి, నూనె మరకల నడుమ చదువు నేర్సుకున్న. అందుకే నాకు చానా వార్తల మొదలు తెల్సు, చివర తెల్వదు.

1. ఆస్తి వివరం. నా కష్టార్జితమైన పట్టా భూమి ఎకరం. అందుల పావు వంతు ఇల్లు, పెరడు. మిగిలిందంత గుంత. ఇంటికి హద్దులు: పడమర తాండూరు రోడ్డు, దక్షిణం బజారు, ఉత్తరం బీరయ్య గొర్ల దొడ్డి, తూర్పు ఇన్నేండ్ల కాయితాలల్ల "బండల గని", ఇప్పటి నక్షల "చెరువు".

ఆ గుంత దేవుడు చేసింది కాదు. నా జవానిల నేనూ, నా జోడి హన్మయ్య గడ్డపార, సమ్మెట పట్టి పొర పొరకు షాబాదు బండ లేపినం. ఆ బండలు వికారాబాదుల, మర్పల్లిల ఎన్ని ఇండ్లల్ల పరిచి ఉన్నయో. బండ అయిపోయింది, గుంత మిగిలింది, వాన పడ్డది, నీళ్లు నిలిచినయి. గింతే కథ. ఎండకాలం అందుల బర్రె కూడ మునగదు. పట్నం నుంచి వచ్చిన నక్షలోళ్లు ఆకాశం మీదికెల్లి తీసిన ఫోటో చూసిండ్రట. వానకాలం ఫోటో. నీళ్లు కనవడ్డయి, నీలం పూసిండ్రు. కిందికి దిగి చూస్తె బూట్లకు మన్నంటుతది కద. చెరువంటె ఎట్లుంటదో కోట్‌పల్లి ప్రాజెక్టుకు ఒకపారి పోయి చూసొస్తె వాళ్ల సొమ్మేం పోతది?

బీరయ్యది ఇంకో కథ. ఆయన గొర్ల దొడ్డికి బస్టాండు రంగు పడ్డది. ఇప్పటిదాంక ఒక్క గొర్రె బస్సెక్కలే. ఇగ ఎక్కుతయేమో అని పొద్దుమాపు కావలి కాస్తున్నడు.

2. పైన చెప్పిన ఇల్లు, పెరడు, గుంతతో సహా మొత్తం నా బిడ్డ జ్యోతికి చెందవలెను. నా తదనంతరం ఆమె దాన, విక్రయ, వినిమయ హక్కులతో అనుభవించవలెను. ఎందుకియ్యాల్నంటె చెప్త.

జ్యోతి తాండూరుల పప్పు మిల్లుల ఇన్నేండ్లు ఒకరి కింద కంది జల్లెడ పట్టింది. ఇగ చాలనుకొని సొంతంగ చిన్న పప్పు గిర్ని మిషిను కొన్నది. పెరట్ల షెడ్డు లేపితె కరెంటు మీటరు వస్తది, గిర్ని తిరుగుతది, పిల్ల తన కాళ్ల మీద నిలవడ్తది. షెడ్డుకు పర్మిషన్ అడిగితె, చెరువంచు నుంచి తొమ్మిది మీటర్లు బఫర్ అన్నరు. అంటె అండ్ల ఇటుక మీద ఇటుక పెట్టొద్దు. మా పెరడు మొత్తం ఆ తొమ్మిది మీటర్లల్లనే ఒడిసింది. మిషిను అరుగు మీద పడి ఉన్నది.

అభ్యంతరాలు చెప్పుకోమంటె మేం పోయినం. ఆఫీసరు నా దిక్కు చూడలే, నక్ష దిక్కే చూసిండు. "చెరువు కాకుంటె నీళ్లెందుకున్నయి పెద్దాయనా?" అన్నడు. వాన పడ్డది సార్ అన్న. "వాన పడితె నీళ్లు నిలిచేదాన్నే చెరువంటరు," అని నాకే పాఠం చెప్పిండు. గట్లయితె మీ ఆఫీసు ముందటి బజారు కూడ చెరువే సార్, పొద్దుగాల ఈదుకుంటనే వచ్చినం, అన్న. వెనక కూసున్నోళ్లు నవ్విండ్రు, ఆఫీసరు నవ్వలే. "చెరువు పక్కన పునాది తీస్తె ఊట ఊరుతదమ్మా, గోడ కూలుతది, మీ మంచికే చెప్తున్న," అని జ్యోతిని పంపిచ్చిండు. ఆ మాట మా ఇంట్ల జొరవడ్డది. నా భార్య రాహేలమ్మ కూడ "నిజంగనే ఊరుతదేమోనయ్యా, పిల్ల మిషిను కింద గోడ పడితె ఎట్ల" అనవట్టింది. గిట్ల నేను తవ్విన బండ మీద నాకే అనుమానం పుట్టిచ్చినోడు ఆఫీసరు కాక ఏమైతడు?

3. మాజీ కౌన్సిలర్ పాండురంగానికి: ఈయన సంగతి లేకుంటె ఈ వీలునామా ఉప్పు లేని పప్పు. అసలు చెరువు దూరం, రోడ్డు ఖరాబు అని, మూడు నాలుగేండ్ల కింద వినాయకులను మా గుంతల ముంచిపిచ్చిండు. క్రేను తెచ్చిండు, లైట్లు పెట్టిచ్చిండు. "మన చెరువు, మన గర్వం" అని తన మొకం పెద్దగ, వినాయకుని మొకం చిన్నగ ఒక ఫ్లెక్సీ కట్టిండు. ఊరంత వచ్చి ఎగిరింది. దాని తర్వాత అండ్లనే బతుకమ్మలు, ఆ తర్వాత చేపపిల్లలు ఇడుసుడు. అది చెరువు కాదని మేం ఆఫీసుల లొల్లి పెట్టిననాడు, వాళ్లు బల్ల మీద పెట్టిన సాక్ష్యం ఆ పండుగ ఫోటోనే. ఫోటో మూలకు చప్పట్లు కొడుతున్నది మా రాహేలమ్మ. బర్త్ సర్టిఫికెట్ లేని చెరువుకు ఊరంత కలిసి పుట్టువెంట్రుకలు తీసినం, ఇగ కాదంటె ఎవరింటరు?

అదృష్టం చూడుండ్రి, గుంతకు అవతలి గట్టున పాండురంగం భూమి సరిగ్గ పదో మీటరుకాడ మొదలైతది. అక్కడిప్పుడు "లేక్ వ్యూ కాలనీ" అని బోర్డున్నది. నేను తవ్వింది లేకు, ఆయన అమ్మేది వ్యూ.

ఆ ఫ్లెక్సీ గాలికి తెగి మా పెరట్ల పడితె రాహేలమ్మ దాచిపెట్టి, ఇప్పుడు గిర్ని మిషిను తడవకుండ కప్పింది. మిషిను షెడ్డులకు చేరిన రోజు ఆ ఫ్లెక్సీ మడత పెట్టి పాండురంగానికి అప్పజెప్పవలెను. ఆయన మొకం మీద కాకులు వాలిన జాగల్ల తుడవాల్సిన పని లేదు.

4. నా కొడుకు యాకోబు పటాన్‌చెరుల సూపర్‌వైజరు. "నాయినా, గా పాండురంగానికే అమ్మి పారెయ్, ఊకె పరేషాన్ ఎందుకు" అని ఫోన్ల చెప్తడు. వాని చదువుకు, వాని ఇంటికి వాని వాటా ఎప్పుడో ముట్టింది. అయినా వట్టి చేతులతోని పంపిన అనుకోవద్దని నా గడ్డపార వానికి ఇస్తున్న. అమ్మనీకె రాదు. ఎవడూ కొనడు. మొన తాకి చూస్తె వాని ఫీజులు ఏ బండ కింద దొరికినయో తెలుస్తది. చిన్నప్పుడు వాడు దాని మీద కూసోని గుర్రమాట ఆడెటోడు. అది కూడ రాసి పెడుతున్న.

5. నా భార్య రాహేలమ్మ బతికినన్ని రోజులు ముందటర్రల ఉండవలెను, ఎవరూ కదిలియ్యరాదు. నూతికాడ బట్టలు ఉతికే బండ కూడ ఆమెదే. మా పెండ్లయిన ఏడాది గనిల దొరికిన అన్నిటికన్న నున్నటి పలక అది. బండలు కొనే షావుకారి లారికి ఎక్కియ్యక నెత్తి మీద మోసుకొచ్చిన. షెడ్డు కడుతం, తొవ్వ వేస్తం అని ఎవరన్న ఆ బండ జరిపితె నేను సమాధిల్నుంచి లేస్త.

6. గుంతల నీళ్ల సంగతి. గుంత నాది, పట్టా ఉన్నది, జ్యోతికిచ్చిన. నీళ్లు మాత్రం మాస్టర్ ప్లాన్ ఆఫీసోళ్లకు సర్వహక్కులతో రాసిస్తున్న. వాళ్ల నీళ్లు వాళ్లు ఎత్తుకపోవలెను. బకెట్లు వాళ్లే తెచ్చుకోవలెను. చేపలు బీరయ్యవి.

7. నన్ను చర్చి వెనక సమాధుల తోటల పెట్టుండ్రి. ఆ జాగకు నక్షల ఇంక ఏ రంగూ పడలే. పడకముందే పోతె నయం. పైన నాపరాయి పలక పరుస్తె చాలు, పాలిష్ వద్దు.

8. ఇది అమలు చేసే బాధ్యత నా జోడి హన్మయ్యది. చెవుడున్నది కాబట్టి ఎవరు నచ్చజెప్పినా వినడు. గదే కావాలె.

ఇంతవరకు రాసి నిన్న రాత్రి పండుకున్న. ఇయ్యాల పొద్దుగాల చప్పుడుకు లేస్తె, పెరట్ల జ్యోతి మేస్త్రిని పిలిచి సున్నంతోని గీతలు పోయించింది. పర్మిషన్ వచ్చిందా బిడ్డా అని అడిగిన. "వాళ్లు గీసుకున్నరు, నేను గీసుకున్న నాయినా," అన్నది. కాబట్టి రెండో అంశంల ఒక మాట కలుపుతున్న: నేను పోయిననాటికి ఆ పెరట్ల లేచి ఉన్న గోడలు, పర్మిషన్ ఉన్నా లేకున్నా, జ్యోతివే.

మూడు రోజుల ముసురు నిన్న రాత్రే ఇడిసింది. గుంత అంచుదాంక నిండి ఉన్నది. పునాది మోకాటి లోతు తవ్వంగనే బండ తగిలింది. రాహేలమ్మ ఒంగి చెయ్యి పెట్టి చూసింది. పొడిగున్నది.

తేదీ: 2025 ఆగస్టు 19, మంగళవారం
పలకలపల్లి

(సంతకం) మత్తయ్య

సాక్షులు:
1. బీరయ్య, గొర్ల కాపరి (వేలిముద్ర)
2. మల్లప్ప, చాయ హోటలు (సంతకం కన్నడంల)