రెండో భాగంలో బోర్‌హిల్డ్

అక్టోబర్ 3

పదో తారీఖున సినిమా బండి వస్తుందట, ఊరి హాల్లో సినిమా వేస్తారట. మా రేవులో తీసిన సినిమాకి రెండో భాగం.

మొదటి భాగంలో పట్నం కుటుంబం ఒకటి సెలవులకి మా దీవికొచ్చి, కార్లని దాటించే ఫెర్రీ ఆగిపోయి ఇరుక్కుంటుంది. ఫెర్రీ ఆగితే క్యూలో ఉన్న కార్లకి వాఫిల్స్, అంటే గళ్ల పెనం మీద కాల్చిన తీపి అట్లు, పట్టుకెళ్లడం మా ఊరి పద్ధతి. మా ఆవిడ బోర్‌హిల్డ్ ఆ నటులు నిజంగానే చిక్కుకున్నారనుకుంది. కెమెరా చూసుకోకుండా పళ్లెంతో వెళ్లి, చలిలో పిల్లల్ని ఇలాగేనా తిప్పేది అని తండ్రి వేషగాణ్ణి తిట్టింది. డైరెక్టర్ ఆ ముక్క ఉంచేశాడు. జనం అక్కడే ఎక్కువ నవ్వారు.

పోయినేడు సెప్టెంబర్లో రెండో భాగానికి ఆమెని పిలిపించుకున్నారు. రోజంతా ఉండి వచ్చింది. బాగా తిన్నారు అంది. ఇంకేం చెప్పలేదు.

ఈ మార్చిలో పోయింది. ఆ చివరి ఏడాది మొహం నా దగ్గర ఒక్క ఫోటోలో కూడా లేదు.

అక్టోబర్ 8

గాలి. పొద్దుటి నుంచి మూడుసార్లు రేవుకి వెళ్లొచ్చాను. నా స్నేహితుడు టోర్‌లైఫ్ చూశాడు. ఒరేయ్ ఇంగ్వాల్డ్, సినిమా బండి పదో తారీఖున రా, నువ్వు కాపలా కాస్తే ముందొస్తుందా, ఇంటికి పో అన్నాడు.

అక్టోబర్ 10, మధ్యాహ్నం 2

ఫెర్రీలోంచి బండి దిగింది. సినిమా వేసే ఆవిడ పేరు టోరున్. బోర్‌హిల్డ్ ఉందా అని అడుగుదామని వెళ్లాను. కుర్చీలు సర్ది వచ్చేశాను.

రాత్రి 8

సినిమా బాలేదు. ఆ కుటుంబమే మళ్లీ ఇరుక్కుంది. తండ్రి నాలుగుసార్లు పేడలో పడ్డాడు. రెండోసారికే హాలు నవ్వడం మానేసింది. వాఫిల్స్ సీనులో పళ్లెం పట్టుకున్నది ఎవరో నటి. మా యాసని వెక్కిరించినట్టు మాట్లాడింది.

టోర్‌లైఫ్ నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆ మనిషికి పళ్లెం పట్టుకోవడం కూడా రాదురా అన్నాడు.

చివర్లో పేర్లన్నీ అయ్యేదాకా కూర్చున్నాను. ఆమె పేరు లేదు.

అక్టోబర్ 11

తుపాను. ఫెర్రీ లేదు. క్యూలో సినిమా బండి ఒక్కటే.

అక్టోబర్ 12

ఇవాళా లేదు. ఆ బండి నా కిటికీలోంచి కనబడుతూనే ఉంది. బోర్‌హిల్డ్ అయితే నిన్ననే వెళ్లేది. వాఫిల్ పెనం వెతకడానికి గంట పట్టింది. ఐదు మాడ్చాను. మిగతావి పట్టుకెళ్లాను.

టోరున్ తింది. ఈ ఊళ్లో ఇది నిజంగానే చేస్తారా పెద్దాయనా, సినిమా వాళ్ల కల్పన అనుకున్నాను అంది.

మా ఆవిడ ఆ సినిమాలో ఉండాలి అన్నాను. నా అంతట నేనే చెప్పాను.

ఆవిడ చేతులు తుడుచుకుని హాలు తాళం అడిగింది. ఆ సీను మళ్లీ వేసింది. మొన్న నేను ఆ నటినే చూస్తూ కూర్చున్నాను. వెనకాల, క్యూలో మూడో కారు దగ్గర, నీలం తలగుడ్డ. బోర్‌హిల్డ్. తన పళ్లెం తనకుంది. క్యూ నిండుగా కనబడాలని ఊళ్లోవాళ్లని కార్లలో కూర్చోబెట్టారు కదా, వాళ్లకి పెడుతోంది. అలా చెయ్యమని ఎవరూ చెప్పి ఉండరు.

ఒక్క క్షణం మొహం ఇటు తిరిగింది. కెమెరా కోసం కాదు. నాలుగో కారు కోసం.

టోరున్ అడక్కుండానే మళ్లీ వేసింది.

అక్టోబర్ 13

గాలి తగ్గింది. ఫెర్రీ వేళకే ఉంది. క్యూలో ఏడు కార్లు. అయినా వాఫిల్స్ పట్టుకెళ్లాను.