మాట్లాడే ల్యాప్‌టాప్

3 జూన్ 2025, మంగళవారం

ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటి మూల కాస్త వెలుగు మిగిలింది. ఆ వెలుగులోనే స్కేలు అడ్డం పెట్టుకుని, లావు మార్కర్‌తో ఇది రాస్తున్నాను.

ఈ బర్మా నగరంలోని చౌక్తడా పేటలో, లాయరుగారి ఆఫీసులో ఏళ్ల తరబడి బర్మీస్ పత్రాలను ఇంగ్లీషులోకి మార్చాను. నెలాఖరులోగా మళ్లీ పనిలోకి రాగలిగితేనే నా కుర్చీ ఉంచుతారట. తెర మీది అక్షరాలు చదివి వినిపించే ల్యాప్‌టాప్ ఉంటే రాగలను.

అమ్మతో కలిసి పునరావాస కేంద్రానికి వెళ్లాను. కౌన్సెలర్ డా మ్యా త్వే (బర్మీస్‌లో ఆడవాళ్ల పేరు ముందు 'డా' అంటే మన 'గారు') నన్ను కాదు, అమ్మను అడిగింది: అమ్మాయి అన్నం తనే తింటుందా, స్నానం తనే చేస్తుందా అని. తర్వాత నా వేళ్లు నొక్కి చూసి మసాజ్ కోర్సులో చేరమంది. గుడ్డివాళ్లకు ఫండ్ ఉన్నది దానికేనట.

బస్సులో అమ్మ, "ఏటే, ఆవిడ సెప్పిందాంట్లో తప్పేటుంది?" అంది.

5 జూన్

మసాజ్ చేయను.

12 జూన్, గురువారం

మళ్లీ వెళ్లాను. మళ్లీ మసాజే. అరిచాను.

పక్క గదిలోంచి ఒకాయన తెలుగులో పలకరించారు. రాజమోహన్ గారు. నది అవతలి దలా నుంచి ఫెర్రీలో వస్తారు. స్కూలు మాస్టారుగా చేసేవారు, షుగర్ వల్ల చూపు పోయింది. కేంద్రంలో ఉన్న ఒకే ఒక్క మాట్లాడే ల్యాప్‌టాప్ ఆయనకిచ్చారు, నేర్చుకోమని.

"ఆవిడ నోటిమాట నమ్మదమ్మా. సేసి సూపించు. నా మెషినుంది కదా," అన్నారు. రేపటి నుంచి నేర్పుతారట.

20 జూన్, శుక్రవారం

డెమో ఇచ్చాను. డా మ్యా త్వే ఒక అద్దె ఒప్పందం ఇంగ్లీషులో పెట్టమంది. సగంలో కరెంటు పోయింది. బయట ముసురు, గది చీకటి. గుమస్తాలందరూ చేతులు ఆపేశారు. బ్యాటరీ ఉంది. నేను ఆపలేదు.

కరెంటే ఉండని ఊళ్లో దీంతో ఏం చేస్తావంది. కరెంటు పోయినప్పుడల్లా మీ ఆఫీసు మూసేస్తున్నారా అన్నాను. చివరికి, మంజూరుకు రాస్తానంది.

నాకంటే రాజమోహన్ గారే ఎక్కువ సంతోషపడ్డారు. టీ ఇప్పించారు.

26 జూన్, గురువారం

మంజూరైంది. కొత్తది కాదు. ఈ ఏడు కొనడానికి ఫండ్ రాలేదట. ఉన్న ఒక్కటీ ఉద్యోగం ఉన్నవాళ్లకు ఇవ్వడమే న్యాయమని డా మ్యా త్వే చెప్పింది. ఈసారి అమ్మతో కాదు, నాతోనే చెప్పింది. రాజమోహన్ గారిని మసాజ్ కోర్సులో వేశారు. ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి.

వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. నెలాఖరు సోమవారమేనని గుర్తొచ్చింది. థాంక్స్ అన్నాను.

ఛార్జర్ వైరు చుట్టి ఆయనే నా సంచిలో పెట్టారు. "నీకు కొలువుంది కదమ్మా," అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

30 జూన్, సోమవారం

ఆఫీసు. నా కుర్చీ. ల్యాప్‌టాప్ తెరిచాను. అందరికీ వినపడేలా అంది: "రాజమోహన్. పాస్‌వర్డ్."

ఆయన పాస్‌వర్డే కొట్టి పని మొదలుపెట్టాను.