వంత పాడిన గొంతు

అంజమ్మక్కకు దండాలు.

నువ్వు నేర్పిన నాట్ల పాట రికార్డు చేద్దామని మీ మరిది మైకు తెచ్చారు. అందులో నా గొంతు కన్నా శంషాబాద్ విమానాల మోతే ఎక్కువ పడింది. దాన్ని మార్చి, దగ్గరగా ఎదురుగా ఉన్న గొంతునే పట్టే మైకు తెచ్చారు. అత్తమ్మ వింటే ఏమంటుందోనని నాకు భయం. ఆమె చేనికి పోయాక గోడలకు బొంతలు కట్టి, కళ్లు మూసుకుని పాడాను.

వంత పాడే చోట నేను ఆగితే, ఎప్పుడు తిరిగొచ్చిందో, వెనక నుంచి అత్తమ్మ గొంతు అందుకుంది. కళ్లు తెరిస్తే ఇద్దరం ఆగిపోతామని తెరవలేదు.

"ఇంతేనా? మిగిలింది గూడ పాడరాదే" అంది చివరికి.

మిగతా చరణాలు నాకు రావు. రాసి పంపక్కా. రికార్డులో ఆమె గొంతు సన్నగా పడింది. ఈసారి ఆమెను నా పక్కనే, మైకు దగ్గర కూర్చోబెడతాను.

నీ చెల్లె